ఎద్దుల బిడారు ఆగిన చోట

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగి ఊరు దాటితే పత్తి, మిరప చేల నడుమ తండాలు కనబడతాయి. మహబూబాబాద్ జిల్లాలో లంబాడీ జనాభా ఎక్కువ. డోర్నకల్ శాసనసభ స్థానం కూడా గిరిజనులకు రిజర్వు అయింది. ఇక్కడి తండాల్లో ఇప్పుడు స్లాబు ఇళ్లే ఎక్కువ. అయినా ఆ ఇళ్ల వెనకో, పక్కనో పాత మట్టి గుడిసె ఒకటి ఇంకా నిలిచి ఉండటం కద్దు. అందులో ముసలి తల్లి ఉంటుంది, లేదా వంటచెరకు, మేకలు ఉంటాయి. లంబాడీల చరిత్ర చదవాలంటే ముందు ఆ గుడిసెలోకి తొంగి చూడాలి.

చుట్టం వస్తే వాకిట్లో నులక మంచం వాలుస్తారు. చెంబుతో నీళ్లిచ్చి ‘రామ్ రామ్’ అని పలకరిస్తారు. పెద్దావిడను ‘యాడీ’ అని పిలవాలి, అంటే అమ్మ. చాలా రోజులకు కలిసిన ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, రాగం తీస్తూ ఏడుస్తారు. కొత్తవాళ్లు చూస్తే ఏదో చావు కబురు వచ్చిందనుకుంటారు. అది ఆప్యాయత. ఈ మధ్యలో పోయినవాళ్లను, పడ్డ కష్టాలను ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు.

గుడిసె లోపల సామాను తక్కువ. కర్రలు పాతి, తడికె అల్లి, మట్టీ పేడా మెత్తిన గోడలు. పైన గడ్డి కప్పు. వంగి వెళ్లాల్సినంత చిన్న వాకిలి. ఒక మూల పొయ్యి, ఒక మూల ఇసుర్రాయి, గింజలు పోసుకునే గుమ్మి, దేవుళ్లకు కాస్త చోటు. ఇంత తక్కువ సామానుకు పేదరికం ఒక్కటే కారణం కాదు. వీళ్ల పూర్వీకులకు ఎద్దు వీపు మీదికి ఎక్కనిది ఏదీ ఆస్తి కాదు.

వాళ్లు సరుకులు మోసిన జాతి. వందల వేల ఎద్దుల మీద గోనెలు వేసి సముద్రతీరం నుంచి ఉప్పును లోపలి సీమలకు, లోపలి ధాన్యాన్ని సైన్యాల శిబిరాలకు చేర్చారు. మొఘలులు, నిజాములు, ఇంగ్లీషువాళ్లు అందరూ దండయాత్రల్లో ఈ బిడార్ల మీదే ఆధారపడ్డారు. బిడారు ఆగిన చోట వెలిసే మజిలీయే తండా, దాన్ని నడిపించేవాడు నాయక్. సంచారం ఆగిపోయినా ఆ పేర్లు పోలేదు. నాయక్ పక్కన అతని సలహాదారు కారోబారి కూర్చుని తగువులు తీర్చే పద్ధతి చాలాకాలం నడిచింది.

ఆ బతుకును మార్చిన వాటిలో రైలు ముఖ్యమైనది. సింగరేణి బొగ్గు కోసం 1880ల్లో నిజాం రాజ్యంలో పట్టాలు ఈ దారిన పడ్డాయి. డోర్నకల్ జంక్షన్‌గా ఎదిగింది ఆ పట్టాల వల్లే. రైలు పెట్టె ఒక్క రోజులో మోసే ఉప్పును ఎద్దులు వారాల తరబడి మోయాలి. చరిత్రకారుడు భంగ్యా భుక్యా ‘సబ్జుగేటెడ్ నోమాడ్స్’ అనే పుస్తకంలో నిజాం పాలనలో లంబాడీల పతనాన్ని వివరంగా రాశారు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం ఒకవైపు, రైళ్లు మరోవైపు కలిసి వీళ్ల వర్తకాన్ని మింగాయి. ఇంగ్లీషువాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టంతో మొదలై అనేక సంచార జాతులపై దొంగల ముద్ర పడింది. వాటిలో లంబాడీలూ ఉన్నారు. నిన్నటిదాకా సైన్యాలకు తిండి మోసినవాళ్లు పోలీసు హాజరు కిందికి వచ్చారు. ఇది చరిత్ర చేసిన పచ్చి అన్యాయం.

అలా దిగబడినవాళ్లు అడవి అంచుల్లో పశువులు కాశారు, దొరల పొలాల్లో కూలి చేశారు. తర్వాత ఆ భూమి కోసమే తిరగబడ్డారు. జనగామ ప్రాంతంలోని ధర్మాపురం లంబాడీలు తెలంగాణ సాయుధ పోరాటంలో దొరలకు ఎదురు నిలిచారు. వాళ్ల నాయకుడు జాటోత్ ఠాను నాయక్ 1950లో ప్రాణాలిచ్చాడు.

గుడిసెలో కనబడని సొత్తు ఆడవాళ్ల ఒంటి మీద ఉండేది. కుచ్చిళ్ల పావడా ఫేటియా, వీపు విప్పి ఉండే రవిక కాంచళి, తలమీది టుక్రి. మూడింటి నిండా అద్దాలు, గవ్వలు, బిళ్లలు, రంగు దారాల కుట్టు. మోచేతి పైదాకా బలియా గాజులు, చెంపల పక్క వేలాడే ఘుగ్రీలు. టోప్లీ అనే నగ చూస్తే ఆమె పెళ్లయిన మనిషని తెలిసిపోతుంది. ఒక్క ఫేటియా కుట్టడానికి నెలలు పడుతుంది. లావోస్ కొండల్లోని హ్మాంగ్ జనానిదీ ఇలాంటి కథే. వాళ్ల ఇల్లూ మట్టినేల ఇల్లే, గడప దాటగానే ఎదుటి గోడకు దేవుడి పీఠం ఉంటుంది. 1975 తర్వాత ప్రాణభయంతో థాయ్‌లాండ్ శిబిరాలకు పారిపోయినప్పుడు వాళ్ల ఆడవాళ్లు ఊరు విడిచిన కథంతా గుడ్డల మీద కుట్టారు. కదిలే జాతులకు సూదే గంటం.

ఇల్లు లేని జనం ఇంటిని ఎంతగా తలుచుకుంటారో పెళ్లిలో తెలుస్తుంది. పాత పద్ధతిలో అత్తవారింటికి వెళ్లే పిల్ల ఎద్దు మీద నిలబడి, చేతులెత్తి, పుట్టిన తండా చల్లగా ఉండాలని పాట పాడేది. శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. సీత్లా పండుగ పశువుల క్షేమం కోసం. తండా పొలిమేరలో ఏడుగురు భవానీల పేర రాళ్లు నిలిపి మొక్కుతారు. ఎద్దు బిడారు ఏనాడో పోయినా మొక్కు మాత్రం ఇంకా పశువు కోసమే.

1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. చదువులు, కొలువులు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. వానకు కారని స్లాబు, ఇంట్లో నల్లా, పిల్లలకు దీపం కింద చదువు: వీటికి వంక పెట్టే హక్కు బయటివాళ్లకు లేదు. మట్టి గుడిసెలో పాములకు, చీకటికి భయపడి బతికినవాళ్లకే దాని బాధ తెలుసు.

అయితే గుడిసెతోపాటు పోతున్నవి కొన్ని ఉన్నాయి. ఫేటియా కట్టేవాళ్లు ఎక్కువగా అరవై దాటినవాళ్లే. సొంత లిపి లేని లంబాడీల భాష గోర్‌బోలీలో ఏడుపు పాటలు, కుట్టు పేర్లు, ఏ నాయక్ ఎక్కడ తండా వేశాడన్న జ్ఞాపకాలు అవ్వల నోళ్లలోనే ఉన్నాయి. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మన తండాల కుట్టుకూ అంత శ్రద్ధ దక్కాలి.

హైదరాబాదులో, వరంగల్‌లో చదువుకునే తండా పిల్లలు వీటిని నిలబెట్టే పని ముందుగా చెయ్యగలరు. ఈసారి తీజ్‌కు ఇంటికి వెళ్లినప్పుడు యాడీ పక్కన కూర్చోండి. ఆమె పాటను ఫోనులో రికార్డు చెయ్యండి, మాటలను తెలుగు అక్షరాల్లోనే రాసిపెట్టండి. కుట్టులో ఒక్కో గడికి ఏ పేరుందో అడగండి. పాత ఫేటియాను పాత బట్టల వాడికి వెయ్యకండి.