రాజీనామా ఉత్తరానికి ముందు

"రాజీనామా ఉత్తరం ఎలా రాయాలండీ?" అని మన కుర్రాళ్ళు అడిగితే, "కొత్త కంపెనీ హెచ్-1బి పిటిషన్ వేసిందా? రసీదు వచ్చిందా?" అని ముందు నేనడుగుతాను. 2000 నాటి చట్టం వల్ల, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు పిటిషన్ అందగానే కొత్తచోట చేరవచ్చు. అది లేకుండా మానేస్తే, 2017 నిబంధన ప్రకారం గడువు మహా అయితే 60 రోజులు. హెచ్-4 మీదున్న భార్యాపిల్లలకూ అంతే.

ఇక ఉత్తరమంటారా, నాలుగు వాక్యాలు చాలు: మానేస్తున్నానని, చివరి పనిరోజు తేదీ, పని అప్పగించి వెళ్తానని, కృతజ్ఞతలు. రెండు వారాల నోటీసు ఇక్కడ సాధారణంగా మర్యాదే కానీ చట్టం కాదు. అయినా మీ ఒప్పందం ఓసారి చదువుకోండి. మేనేజరు మీద కోపం మాత్రం అందులో కక్కకండి. రేపు గ్రీన్ కార్డుకి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలంటే సంతకం పెట్టాల్సింది ఆయనే కావచ్చు.