పికప్ బండికి ఏ టైరు?

మన కుటుంబాలలో ఒకప్పుడు రెండెడ్ల బండి నిలిచిన చోట నేడు పికప్ మోటారు నిలుస్తున్నది. ముళబాగిలు, శ్రీనివాసపురం తాలూకాల మామిడి తోటలవారికి, హోసూరు వైపు కూరగాయలు పండించేవారికి, రాయగడ కొండదారులలో సరుకు తోలేవారికి అదే ఆధారం. రెండు వరుసల సీట్లున్న బండి అయితే పిల్లాజెల్లాతో తిరుమలకు పోయేదీ అందులోనే. బండి కొనేటప్పుడు పదిమందిని అడిగి కొంటాము గాని, దానిని నేల మీద నిలిపి ఉంచే నాలుగు అరచేతులంత రబ్బరును గూర్చి మాత్రం దుకాణదారు చెప్పినదే వేదం!

దుకాణంలో అడుగుపెట్టగానే “ఏ కంపెనీ మంచిది?” అని అడుగుతాము. అది రెండవ ప్రశ్న కావలెను. మన బండి నూరు కిలోమీటర్లు తిరిగితే అందులో తారురోడ్డు ఎంత, మట్టిదారి ఎంత అన్నది మొదటి ప్రశ్న. ఈ లెక్క ఇంట్లోనే వేసుకొని పోవలెను.

టైర్లలో మూడు తరగతులు. హెచ్.టి. అనేది తారురోడ్డు టైరు. గాళ్లు సన్నగా, వరుసలు దగ్గరగా ఉంటాయి. చప్పుడు తక్కువ, డీజిలు ఆదా, వాన రోడ్డు మీద బ్రేకుకు బాగా పట్టుతుంది. ఎం.టి. బురద టైరు. పెద్ద పెద్ద బటన్లు, వాటి నడుమ వెడల్పైన ఎడాలు. రోడ్డు మీద తుమ్మెదలా రొద పెడుతుంది, తడి తారు మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. నేలను తాకే రబ్బరు తక్కువ కదా! రెంటికీ మధ్యది ఎ.టి.

చూపులకు గంభీరంగా ఉంటుందని కుర్రవాళ్లు ఎం.టి. వేయిస్తున్నారు. వారానికి ఆరు రోజులు చెన్నై–బెంగుళూరు రహదారి మీద తిరిగే బండికి అది అలంకారమే గాని సౌఖ్యం కాదు, క్షేమం అంతకన్నా కాదు.

మట్టి అంటే అన్నిచోట్లా ఒకటే మట్టి కాదు. కోలారు వైపు ఎర్రనేలలో, గరుసు దారిలో ఎ.టి. హాయిగా పోతుంది, ఎండకాలమైతే హెచ్.టి. కూడా చాలును. బళ్లారి, రాయచూరు వైపు నల్లరేగడి సంగతి వేరు. తొలకరి పడిందా, ఎ.టి. టైరు గాళ్లన్నీ రేగడితో పూడి, చక్రం నున్నని ఉండలా తయారవుతుంది. అక్కడ ఎం.టి. టైరు తన ఎడాలలోని బురదను తిరుగుడు వేగానికి విదిలించివేస్తుంది. అయితే వెనుక చక్రాలు మాత్రమే లాగే బండి ఖాళీగా పోతే ఎం.టి. వేసినా నమ్మలేము. వెనుక నాలుగు బస్తాలు ఉంటే కొంత నయం.

ఇసుకలో ఇంకొక తమాషా. గోపాలపూర్ తీరం వంటి చోట ఎం.టి. బటన్లు ఇసుకను తవ్వి బండిని పాతేస్తాయి. అక్కడ కావలసినది గాలి తగ్గించడం. 18–20 పాయింట్లకు దించితే టైరు వెడల్పుగా పరచుకొని పైపైన తేలిపోతుంది. తిరిగి తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపి తీరవలెను. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

ఇక కంపెనీలు. ఈ ఎ.టి. తరగతిలో పేరుమోసిన పాతకాపు అమెరికావారి బి.ఎఫ్. గుడ్‌రిచ్. వారి ఆల్ టెర్రైన్ టైరు 1976లో వచ్చింది; 1990 నుంచి ఆ పేరు ఫ్రాన్సువారి మిషెలిన్ చేతిలో ఉన్నది. దాని పక్కగోడ గట్టిది. కొండదారులలో టైరును చంపేది అడుగున గుచ్చుకునే మేకు కాదు, పక్కను కోసే రాయి గనుక, రాయగడ వంటి చోటికి ఆ ధర పెట్టవచ్చును. బరువెక్కువ, డీజిలు కొంత తింటుంది. జపానువారి యోకొహామా జియోలాండర్ ఎ.టి. దానికన్నా మెత్తగా, నిశ్శబ్దంగా పోతుంది. నూటికి ఎనభై పాళ్లు తారు మీద తిరిగేవారికి నా ఓటు దానికే.

మనదేశపు కంపెనీలను చులకన చేయనక్కరలేదు. 1946లో తిరువొత్తియూరులో బుడగలు చేయడంతో మొదలైన ఎం.ఆర్.ఎఫ్. వాండరర్ చేస్తున్నది. అపోలోవారు ఆప్టెర్రా, జె.కె.వారు రేంజర్ చేస్తున్నారు. రాళ్లు కోసే దారులలో పోకుండా రోజూ బరువు లాగే బండికి ఇవి చాలును. పైగా ఏదైనా ఒక టైరు పోతే దాని జత చిన్న పట్టణంలో సైతం దొరుకుతుంది. దూరదేశపు టైరుకు ఆ సదుపాయం తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైనది టైరు పక్కన అచ్చువేసిన బరువు అంకె. 112 అంటే సరియైన గాలితో ఒక్కొక్క టైరు 1120 కిలోలు మోస్తుంది. 100 అంటే 800 కిలోలే. కొలత ఒకటే, ధర తక్కువ అని కారుకు తగిన టైరును సరుకు బండికి తగిలిస్తే, టమాటా బుట్టలు నిండిన రోజున ఎండ వేళ రహదారి మీద అది పగిలిపోవచ్చును. లోపల కూర్చున్నవారు మన ఇంటివారే. కంపెనీవారు బండికి ఇచ్చిన అంకెకు తగ్గకూడదు. కారు తరగతి టైరు తీసి ఎల్.టి. అని గుర్తున్నది వేస్తే, అదే బరువుకు గాలి ఇంకొంచెం ఎక్కువ పట్టవలసి ఉంటుంది. ఎంతో దుకాణంలో అడిగి రాయించుకోండి.

కొనేటప్పుడు నాలుగంకెల తేదీ కూడా చూడవలెను. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో చేసినది. వాడకంలో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందంటే చట్టప్రకారం మార్చవలసినదే. వానాకాలం ముందు అంతవరకు ఆగకపోవడం మేలు. నాలుగు చక్రాలూ లాగే బండికి నాలుగూ ఒకే కొలతవి, ఒకే రకంవి ఉండవలెను. కొత్తవి వేయించిననాడే స్టెప్నీ కూడా ఆ కొలతకు సరిపోతుందో లేదో, అందులో గాలి ఉన్నదో లేదో చూసి మరీ బండిని ఇంటికి తీసుకురండి.