నీడను నిలిపిన విధము

ఎండవేళ తలుపులన్నియు మూసిన గదిలో కూర్చుండినపుడు, తలుపునకుగల చిన్న బెజ్జముగుండ వెలుతురు లోనికి వచ్చుట అందరును చూచినదే. ఒక్కొక్కప్పుడు ఆ వెలుతురుతోపాటు వీధిలోని దృశ్యము కూడ ఎదుటి గోడపై పడును. చెట్లు తలక్రిందులుగా వ్రేలాడుచుండును. మనుష్యులు కాళ్లు పైకెత్తి నడచుచున్నట్లుందురు. వెలుతురు కిరణములు తిన్నగా పోవుటయే ఇందుకు కారణము. చెట్టుకొననుండి వచ్చిన కిరణము బెజ్జమును దాటి గోడ అడుగునకు దిగును. మొదలునుండి వచ్చినది పైకెక్కును. 11వ శతాబ్దమున ఇబ్న్ అల్ హైతమ్ అను అరబ్బు పండితుడు ఈ వింతను పరిశీలించి వ్రాసెను. తరువాత ఐరోపా చిత్రకారులు బెజ్జమున కటకము నమర్చి, పడిన బొమ్మపై కాగితముంచి గీతలు గీసికొనుచుండిరి. కెమెరా యను మాటకు లాటినుభాషలో గది యనియే అర్థము.

బొమ్మ పడుట సులభము, నిలుచుటయే కష్టము. తలుపు తెరచినంతనే అది మాయమగును.

వెండి లవణములు వెలుతురు సోకిన నల్లబడునని 18వ శతాబ్దమునకే తెలిసియుండెను. ఇంగ్లండు దేశీయుడగు తామస్ వెడ్జివుడ్ తెల్లని తోలుపై వెండి నైట్రేటు ద్రావణమును పూసి, దానిపై ఆకులను, పురుగుల రెక్కలను పరచి వెలుతురున నుంచెను. వెలుతురు సోకినచోటు నల్లబడెను. ఆకు కప్పినచోటు తెల్లగా మిగిలెను. బొమ్మ చక్కగనే వచ్చినది. కాని దానిని చూచుట యెట్లు? చూచుటకు వెలుతురు కావలెను. వెలుతురు సోకిన, మిగిలిన తెల్లదనమును నల్లబడును! పాపము, ఆ బొమ్మలను దీపపు వెలుతురుననో, నీడలో క్షణకాలమో చూచి దాచుకొనవలసి వచ్చెను. ఈ ప్రయత్నములను హంఫ్రీ డేవీ 1802లో ప్రకటించెను. ఉపాయము మాత్రము ఇరువురకును దొరకలేదు. వెడ్జివుడ్ 1805లో మరణించెను.

ఫ్రాన్సులో నియెప్స్ అను నాతడు వెండిని విడిచి, ఒకవిధమైన తారును లోహపు రేకుపై పూసి, 1827 ప్రాంతమున తన కిటికీ యెదుటి దృశ్యమును నిలిపెను గాని, ఒక్క బొమ్మకు అనేక గంటల యెండ కావలసి వచ్చెను. హైపో యను లవణము వెండి లవణములను కరిగించునని ఖగోళ శాస్త్రజ్ఞుడగు జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొనెను. వెలుతురు సోకని లవణమును కరిగించి తీసివేసినచో, ఇక నల్లబడుటకు మిగులున దేమి? ఇంత తేలిక యుపాయమును ఆయనయే 1839లో గాని బొమ్మలకు వాడలేదు. మందు చేత నుండియు ఇరువదియేండ్లు రోగము కుదురలేదన్నమాట.

ఫిల్ము కెమెరాలో వెలుతురును కొలిచి పంపు పరికరములు రెండు: కటకమువద్ద పెద్దది చిన్నది చేయదగిన రంధ్రము, క్షణకాలము తెరచుకొని మూసికొను షట్టరు. కుళాయి పెద్దగా విప్పిన కడవ త్వరగా నిండును. సన్నగా విప్పిన ఆలస్యముగా నిండును. ఇదియు నంతే. రంధ్రమును 8 అను అంకెనుండి 5.6 అను అంకెకు మార్చిన వెలుతురు రెట్టింపగును. అపుడు సెకనులో 60వ వంతుకు బదులు 125వ వంతు చాలును. అంకె తగ్గినకొలది రంధ్రము పెరుగుట క్రొత్తవారిని తికమకపెట్టును.

షట్టరు మూసికొనిన పిమ్మట ఫిల్మును చూచిన, అందు ఏమియు కనబడదు. బొమ్మ యున్నది, కాని గుప్తముగా నున్నది. దానిని చీకటిగదిలో డెవలపరు ద్రావణమున ముంచిన, వెలుతురు సోకిన రేణువులు నల్లని వెండిగా మారును. ఆపై పలుచని ఆమ్లపు నీటిలో ముంచి ఆ పనిని ఆపుదురు. పిదప హైపోలో నుంచుదురు. అప్పటివరకు దీపము వెలిగింపరాదు. ఇట్లు వచ్చినది నెగటివు. అందు ఆకాశము నల్లగను, నల్లని తలవెండ్రుకలు తెల్లగను ఉండును. దానిగుండ మరల వెలుతురును కాగితముపై ప్రసరింపజేసిన, తారుమారైనది మరల సరియగును. నలుపు తెలుపు బొమ్మల కాగితమునకు ఎఱ్ఱని వెలుతురు సోకినను చెడదు గనుక, ఈ పనికి ఎఱ్ఱదీప ముంచుకొందురు. ఆ మసక వెలుతురున, పళ్లెములోని తెల్లకాగితముపై ముందు కన్నులు, పిదప ముఖము మెల్లమెల్లగా తేలివచ్చుట చూచినవారు మరవలేరు.

చివరిపని కడుగుట. ఇందు తొందర పనికిరాదు. బొమ్మను నిలిపిన హైపోయే కాగితమున మిగిలిపోయినచో, కొన్నియేండ్లకు బొమ్మను పసుపుపచ్చగా చేసి చెరచును.

నేటి డిజిటల్ కెమెరాలలో ఫిల్మునకు బదులు వెలుతురును విద్యుత్తుగా మార్చు పలక యున్నది. కటకము, రంధ్రము, కాలము మాత్రము పాతవే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడగు లాలా దీన్‌దయాళ్ 1905లో మరణించెను. ఆయన గాజుపలకల నెగటివులు అనేకము ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. నూరేండ్లకు పైబడిన ఆ పలకలమీద నాటి ముఖములు, మేడలు నేటికిని నిలిచియున్నవి.