ఈతకాలములో గొఱ్ఱెల మందను చూడబోవు కుటుంబములకు

సార్వా పంట ఇల్లు చేరిన తరువాత, దాళ్వా నాట్లు పడకముందు, గోదావరి డెల్టా చేలలో గొఱ్ఱెల మందలు దిగుట రైతు సోదరులకు తెలిసినదే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువల క్రింద మాగాణి పెరిగి, ఇచ్చట బీళ్లు తగ్గినవి. పంట కోసిన మాగాణిలో మోళ్లమేత దొరకును గనుక కాపరులు తమ జీవములను ఇచ్చటికి తోలుకొని వత్తురు. రాత్రులందు తన చేలో మంద కట్టించుకొన్న రైతు కాపరికి సొమ్మో ధాన్యమో ముట్టచెప్పును. రాత్రికొక తావున మంద కట్టినచో పెంట, మూత్రము చేనంతటికి సమముగా అందును.

మంద దిగినదని వినగానే చూడబోదుమని పిల్లలు పట్టుపట్టుదురు. ఇంటిల్లిపాది పోయి చూచుట మంచిదే. మన దేశపు గొఱ్ఱెలలో మిక్కిలి ఎత్తైనది నెల్లూరు జాతి. అందు తెల్లనిది పల్ల, తెల్లని ఒంటికి మూతి, కన్నుల వద్ద నల్లమచ్చలున్నది జోడిపి, ఎఱ్ఱనిది దొర. వీనిని పిల్లలకు గుర్తుపట్ట నేర్పవచ్చును.

అయితే తొలకరిలో పొట్టేలు కలిసిన గొఱ్ఱెలు సుమారు 150 దినములకు, అనగా కార్తీక మార్గశిర మాసములలో ఈనును. అప్పుడు మందకు పోవుట తిరునాళ్లకు పోవుట వంటిది కాదు, పురిటింటికి పోవుట వంటిది. అచ్చటి మర్యాదలే ఇచ్చటను పాటింపవలెను.

దూరముగా నిలిచి చూడుడు

ఈననున్న గొఱ్ఱె మందను విడిచి ఒక మూలకు పోవును, కాలితో నేల గీరును, పడుకొని లేచుచుండును. అట్టి సమయమున పిల్లలను గాని, కుక్కను గాని దగ్గరకు పోనీయరాదు. రెండు ముంగాళ్లు, వాటిపై ఆనిన మూతి ముందుగా కనబడినచో పిల్ల సరిగా వచ్చుచున్నదని తెలియవలెను. గంటసేపు ముక్కినను పిల్ల రానిచో, లేక తోక గాని ఒక్క కాలు గాని కనబడినచో, బలవంతముగా లాగక పశువైద్యుని పిలువవలెను.

ఈనిన వెంటనే తల్లి పిల్లను నాకి ఆరబెట్టును. ఆ నాకుటలోనే వాసన పట్టి తన పిల్లను గుర్తించును. ముద్దుగా నున్నదని మనము చేతులు మార్చి ఎత్తుకొన్నచో ఆ గుర్తు చెదరి, తల్లి పాలీయక తన్నివేయవచ్చును.

జున్నుపాలు పిల్లవే

గొఱ్ఱెపిల్ల పుట్టినప్పుడు దానికి రోగములను ఎదుర్కొను శక్తి దాదాపు ఉండదు. అది జున్నుపాల ద్వారా తల్లినుండి అందవలెను. ఆ శక్తిని ప్రేగులు గ్రహించు గుణము గంటగంటకు తగ్గి, ఒక్క దినములో ఇంచుమించు పోవును. కావున పుట్టిన ఒకటి రెండు గంటలలోనే పిల్ల పాలు కుడువవలెను. మొదటి దినమున తన బరువులో పదవవంతుకు తగ్గకుండ, పలుమార్లుగా, జున్నుపాలు దానికి అందవలెను. 3 కిలోల పిల్లకు ఇది సుమారు 300 మిల్లీలీటర్లు. చూడవచ్చినవారు జున్నుకై పాలు అడుగరాదు. అవి పిల్ల ప్రాణము. కోసిన బొడ్డుకు టింక్చరు అయోడిన్ అద్దవలెను.

గర్భిణులు పోరాదు

గొఱ్ఱెలు ఈసుకుపోవుటకు కారణమగు బ్రూసెల్లా, టాక్సోప్లాస్మా వంటి సూక్ష్మజీవులు మాయలోను, ఉమ్మనీటిలోను ఉండవచ్చును. అవి మనుష్యులకు సోకును. గర్భిణుల కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చును. అందుచే గర్భిణులు ఈనుచున్న గొఱ్ఱెల చెంతకు పోరాదు. తక్కినవారు మాయను వట్టిచేతులతో తాకరాదు. దానిని కుక్కలకు వేయక, సున్నము చల్లి లోతుగా పాతిపెట్టవలెను. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు, కాళ్లు కడుగుకొనవలెను. కాచని పాలు త్రాగరాదు.

చేను గల రైతు చేయవలసినది

మాగాణి నేల చెమ్మగా నుండును. ధనుర్మాసపు మంచు పసిపిల్లలకు ప్రాణాంతకము. కాబట్టి చేలో మెరక తావు చూపి, నాలుగు మోపుల ఎండుగడ్డి ఇచ్చినచో కాపరి గడ్డి పరచి, పిల్లలను గంపల క్రింద వెచ్చగా కాపాడుకొనును. కాలువ గట్ల వెంబడి, నీరు నిలిచిన పల్లములలో మేపవద్దని అతనికి చెప్పుడు. అచ్చటి నత్తల ద్వారా కార్జపు జలగ గడ్డికి చేరి, మేసిన గొఱ్ఱెకు పట్టును. దవడ క్రింద నీరు దిగిన జీవము కనబడినచో పశువైద్యునికి చూపవలెను. ఈనుటకు ఒక నెల ముందు చూడిగొఱ్ఱెలకు చిటుకురోగపు టీకా వేయించినచో, ఆ రక్షణ జున్నుపాలతో పిల్లలకును చేరును. మంద దిగిన వార్తను గ్రామాధికారులు పశువైద్యశాలకు వెంటనే తెలుపుట మేలు.

కాపరి సంవత్సరపు ఆదాయమంతయు బ్రతికి పెరిగిన పిల్లలపైననే ఆధారపడియున్నది. మన చేనికి ఎరువిచ్చు మంద మన చేలోనుండగా ఒక్క పిల్లను పోగొట్టుకొనకుండ చూచుట మన ధర్మము, మన లాభము కూడ. ఏలయన, పిల్లలు దక్కిన చేనికే కాపరి మరుసటి ఏడు మందను తోలుకొని వచ్చును.