సబ్‌వూఫరు పెట్టెలో దూది: గొట్టపు శ్రుతిపై దాని ప్రభావము

మా పాఠశాల వార్షికోత్సవమునకై పై తరగతుల విద్యార్థులు ఒక సబ్‌వూఫరు పెట్టెను స్వయముగా నిర్మించిరి. లెక్క ప్రకారము పలకలు కోసి, గాలి రాకపోకలకు గొట్టము నమర్చి, వాయించి చూడగా మృదంగపు తొప్పి నాదము గంభీరముగా వినవచ్చెను. అంతటితో తృప్తి నొందక, లోపల దూది కూరినచో నాదము మఱింత లోతుగా నుండునని ఎవరో చెప్పగా విని, మూడు దిండ్ల దూదిని పెట్టె నిండ కూరిరి. మఱునాడు తొప్పి మ్రోత చప్పబడి, సత్తువ లేనిదయ్యెను. “దూది శ్రుతిని దించునా, గొంతు నొక్కునా?” అని పిల్లలు నన్నడిగిరి. నేను తెలుగు బోధించువాడను. భౌతికశాస్త్రము నా విషయము కాదు. కాని ప్రశ్న తెలుగులో వచ్చినది కావున, ప్రత్యుత్తరమును తెలుగులోనే యుండవలెనని తోచినది. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగుబడిలో చదువు పిల్లలకు, శాస్త్రము పరభాషకే చెందినదన్న భావము కలుగరాదు. అందుకై చదివి, పరీక్షించి తెలిసికొన్న సంగతి నిచట వివరించుచున్నాను.

ఖాళీ సీసా మూతిపై నూదినప్పుడు ఒక స్వరము పుట్టుట అందఱెఱిగినదే. సీసా మెడలోని గాలి ఒక బరువువలె కదలును. బొజ్జలోని గాలి ఒక స్ప్రింగువలె దానిని వెనుకకు నెట్టును. సీసాలో కొంత నీరు పోసినచో బొజ్జలోని గాలి తగ్గి, స్ప్రింగు బిగువెక్కి, స్వరము హెచ్చును. మెడ పొడవైనచో బరువు పెరిగి స్వరము తగ్గును. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి అనునాదకములను విపులముగా చర్చించెను. ఈ సూత్రమునే ధ్వనిపెట్టెకు వర్తింపజేసి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ 1930లో పేటెంటుకు దరఖాస్తు చేసికొనగా, అది 1932లో లభించెను. గొట్టము గల పెట్టెల గణితమును ఆస్ట్రేలియాలో థీల్ 1961లోను, తదుపరి స్మాల్ 1973లోను క్రమబద్ధము గావించిరి.

పిల్లల పెట్టెనే ఉదాహరణముగా గైకొందము. లోపలి ఘనపరిమాణము 60 లీటర్లు. గొట్టపు లోవ్యాసము 10 సెంటీమీటర్లు, పొడవు 36 సెంటీమీటర్లు. గొట్టపు రెండు కొనల వెలుపలను కొంత గాలి కలిసి కదలును గావున, లెక్కకు పొడవు సుమారు 43 సెంటీమీటర్లగును. దీని శ్రుతి సెకనుకు 30 కంపనములు, అనగా 30 హెర్ట్జ్. గొట్టమున ఊగు గాలి బరువు నాలుగు గ్రాములు మాత్రమే. శ్రుతికి సమీపమున స్పీకరు కోను దాదాపు నిశ్చలముగా నుండి, ఈ నాలుగు గ్రాముల గాలియే శబ్దమును వెలువరించును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక దూది మాట. 1687లో న్యూటన్ గాలియందు శబ్దవేగమును గణించినప్పుడు, ఆ ఫలితము వాస్తవవేగము కంటె ఇంచుమించు 15 శాతము తక్కువగా వచ్చెను. గాలి నొత్తినను దాని ఉష్ణోగ్రత మాఱదని ఆయన తలచుటయే దీనికి కారణము. నిజమునకు శబ్దతరంగము గాలిని త్వరితముగా నొత్తుటచే అది వేడెక్కును. వేడెక్కిన గాలి మఱింత గట్టిగా ఎదురు నెట్టును. సైకిలు పంపు అడుగుభాగము వేడెక్కుట మన మెఱిగినదే. లాప్లాసు 1816లో ఈ సవరణను చూపెను. దీనివలన గాలి స్ప్రింగు బిగువు 1.4 రెట్లగును.

పెట్టెలో సన్నని నారలు పరచినచో లాప్లాసు చూపిన ఈ అధికబిగువు కొంత తొలగిపోవును. గాలి వేడెక్కగానే నారలు ఆ వేడిమిని పుచ్చుకొనును. చల్లబడగానే తిరిగి ఇచ్చును. అరవై లీటర్ల గాలి బరువు సుమారు 72 గ్రాములే. దానిలో 600 గ్రాముల పాలియెస్టరు దూది నుంచినచో, ఆ దూది గాలికి దాదాపు పది రెట్లు వేడిమిని దాచుకొనగలదు. అయినను అది ఆక్రమించు చోటు అర లీటరుకు మించదు. స్ప్రింగు మెత్తబడుటచే పెట్టె పెద్దదైనట్లు ప్రవర్తించును. నారలు సంపూర్ణముగా పనిచేసిన పక్షమున 60 లీటర్లు 84 లీటర్లవలె తోచి, శ్రుతి 30 నుండి సుమారు 25 హెర్ట్జ్‌కు దిగును. ఇది సిద్ధాంతము చెప్పు గరిష్ఠపు హద్దు. వాస్తవమున వృద్ధి ఇంతకంటె చాల తక్కువ. పది శాతము పెరిగినచో శ్రుతి 28.6 హెర్ట్జ్ అగును.

కావున “దూది శ్రుతిని దించును” అనుట సత్యమే. కాని గొంతు నొక్కుటయు సత్యమే. గాలి నారల నడుమ ఊగునప్పుడు రాపిడి కలిగి, శక్తి వేడిమిగా మాఱును. వేడిమి ఇచ్చిపుచ్చుకొనుటలో కలుగు ఆలస్యమును కొంత శక్తిని హరించును. గొట్టము లేని మూసిన పెట్టెలో ఈ నష్టము పలుమాఱు మేలే. అచట మితిమీరిన మ్రోత నది అణచును. గొట్టము గల పెట్టెలోనో, మనము కోరి తెచ్చుకొన్న ఆ నాలుగు గ్రాముల గాలి ఊగుటనే అది అణచివేయును. మూసిన పెట్టెకు చెప్పిన వైద్యమును గొట్టపు పెట్టెకు చేయుటయే మా పిల్లలు చేసిన పొరపాటు.

దూది ఎంత అనుటతో పాటు, ఎక్కడ అనుటయు ముఖ్యము. గోడను ఆనుకొనిన గాలి ముందునకు వెనుకకు కదలజాలదు. గొట్టపు లోపలి కొనయొద్ద అది మిక్కిలి వేగముగా కదలును. గోడలకు పలుచగా అతికిన పొర మంద్రనాదమునకు అంతగా హాని చేయదు. గొట్టపు నోటికి అడ్డుగా నున్న దూది గుప్పెడైనను హాని చేయును.

అట్లైన గోడలకైనను పొర ఏల? పెట్టె గోడల నడుమ పుట్టు స్థిరతరంగముల నణచుటకు. లోపలి ఎత్తు 60 సెంటీమీటర్లైనచో అట్టి మొదటి తరంగము సుమారు 286 హెర్ట్జ్ వద్ద కలుగును. 80 హెర్ట్జ్ లోపలనే పనిచేయు సబ్‌వూఫరున కది పెద్ద బాధ కాదు. 30 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యము 11 మీటర్లకు పైబడినది. దానిని రెండంగుళముల దూదిపొర పీల్చివేయునని ఆశించుటయు, పీల్చునని భయపడుటయు రెండును అనవసరమే. కావున సబ్‌వూఫరు పెట్టెకు పలుచని పొర చాలును; అది లేకున్నను పెక్కుచోట్ల లోటుండదు.

ఇచట మఱియొక భ్రమను తొలగింపవలెను. మెత్తని వన్నియు దూది కావు. థర్మోకోలు గదులు మూసికొనియున్న పదార్థము. గాలి దానిలో చొరదు. ఆరు లీటర్ల థర్మోకోలు నుంచినచో పెట్టె 54 లీటర్లకు కుదించుకొనిపోయి, శ్రుతి దిగుటకు మాఱు 31.6 హెర్ట్జ్‌కు ఎక్కును. గాలి చొచ్చు నార కావలెను. బూరుగుదూది సులభముగా నంటుకొనును గావున తగదు. గాజునార వాడువారు చేతులకు, ముక్కునకు రక్షణ కల్పించుకొని, దానిని పలుచని గుడ్డతో కప్పవలెను. పాలియెస్టరు దూది అనుకూలము. అయినను పోగులు ఊడి స్పీకరులోనికిని గొట్టములోనికిని పోకుండ అతికింపవలెను.

శ్రుతిని పరీక్షించుట కష్టము కాదు. నేడు చేతిఫోనులోని అనువర్తనముతోనే శుద్ధస్వరమును పుట్టింపవచ్చును. ధ్వనిని తక్కువగా నుంచి, 45 హెర్ట్జ్ నుండి ఒక్కొక్కటిగా దించుచు కోనును గమనింపవలెను. ఏ సంఖ్యవద్ద కోను అత్యల్పముగా కదలునో అదియే గొట్టపు శ్రుతి. దానికంటె దిగువకు పోయినచో కోను అదుపు తప్పి ఊగును. అచట బలముగా వాయించుట స్పీకరునకు ప్రమాదము. పొర వేయుటకు ముందొకమాఱు, వేసిన పిదప నొకమాఱు కొలిచి చూచినచో దూది చేసిన పని అంకెలలో తెలియును. శ్రుతి 28.6కు దిగి, మనకు 30యే కావలసినచో గొట్టమును సుమారు నాలుగు సెంటీమీటర్లు కోసిన చాలును. ముందుగా కొంచెము పొడవుగానే యుంచి, పిదప కోసికొనుట మేలు; కోసినదానిని మరల అతుకుట కష్టము.

మా పిల్లలు దూదినంతయు తీసివేసి, వెనుకగోడకును ఒక పక్కగోడకును అంగుళము మందపు పొరను మాత్రమే అతికించి, గొట్టపు నోటియొద్ద జానెడు చోటు విడిచిరి. కోను నిలిచిన సంఖ్య ఒక హెర్ట్జ్ లోపలనే దిగెను. తొప్పి నాదము మరల నిండుగా వచ్చెను. ఈ కొలతలను వారు ఒక నోటుపుస్తకమున తెలుగులో వ్రాసికొనిరి. అనునాదము, తరంగదైర్ఘ్యము, స్థిరతరంగము అను మాటలు వారికి పాఠ్యపుస్తకపు మాటలుగా గాక, తాము చేతితో తాకి చూచిన వస్తువుల పేర్లుగా నిలిచినవి. ఇతర ప్రాంతములయందలి మన తెలుగుబడులవారును ఇట్టి పెట్టె నొకటి చేయించి, పిల్లలచేతనే కొలిపించి, ఆ కొలతలను తెలుగులో వ్రాయింతురని ఆశించుచున్నాను.