నాలుగు మాసముల దూరమున క్రొత్త కాపురము

మన సీమలో కూతురిని అత్తవారింటికి పంపునప్పుడు, అది పుంగనూరైనను పుత్తూరైనను, తల్లి కంట నీరు పెట్టక మానదు. తెల్లవారుజామున బండి కట్టినచో మాపటికి చేరు ఊరైనను ఆ దుఃఖము దుఃఖమే. ఇక పెండ్లియైన కొలది మాసములకే ఓడ యెక్కి, నాలుగు మాసములు సముద్రముమీద గడిపి, భాష తెలియని ఊరిలో పొయ్యి వెలిగించుకొన్న పడుచు దంపతుల సంగతి యేమనవలెను? అట్టి జంట యొకటి 1860 ఏప్రిల్ మాసమున చెన్నపట్నము రేవున దిగి, పలమనేరున కొంతకాలముండి, 1863లో మదనపల్లె చేరినది. భర్త పేరు జేకబ్ చేంబర్లేను. భార్య పేరు షార్లెట్ బర్జ్. ఇరువురును అమెరికా దేశస్థులు, క్రైస్తవ మిషను సేవకులు. నేటి ప్రసంగము వారిని గూర్చియు, వారివంటి వారిని గూర్చియు.

అమెరికా మిషను సంఘములు మొదటినుండియు నవదంపతులనే దూరదేశములకు పంపుటకు ఇష్టపడెడివి. 1812లో ఆ దేశమునుండి తూర్పుదేశములకు బయలుదేరిన మొట్టమొదటి బృందమున అడోనిరామ్ జడ్సను ఫిబ్రవరి 5వ తేదీన పెండ్లాడి, 19వ తేదీన భార్యతో కలకత్తాకు ఓడ యెక్కెను. అదే ఓడలో హారియట్ న్యూయెల్ అను మరియొక నవవధువు వచ్చినది. ఆమె ఆ సంవత్సరమే మారిషస్ ద్వీపమున పందొమ్మిదవ యేట మరణించెను. ఇట్టి వార్తలు చదివిన తరువాత కూడ వెనుకటి పడుచులు వెనుదీయలేదు. సంఘముల ఆలోచనకు కారణము సులభముగనే ఊహింపవచ్చును. ఒంటరి పురుషుడు పరదేశమున దిగులుచే చెడును, లేదా జబ్బుచే తిరిగివచ్చును. అంతకంటె ముఖ్యము, మన యిండ్లలో ఆడువారితో మాటలాడవలెనన్న ఆడుది కావలెను. పురుషునికి జీతము, భార్యకు పని. లెక్క అంతే. ఆ పనికి వేరు జీతము లేకుండెను.

చేంబర్లేను కనెక్టికట్ రాష్ట్రమున 1835లో జన్మించి, ఒహాయోలో చదివి, పిమ్మట వేదాంతవిద్యను, వైద్యమును అభ్యసించెను. ఆయనను పంపినది అమెరికాలోని రిఫార్మ్డు చర్చి. పూర్వము హాలండు దేశమునుండి వలస పోయిన వారు స్థాపించుకొన్న సంఘమది. దాని పక్షమున 1853లోనే స్కడ్డరు సోదరులు ఆర్కాటు మిషనును ప్రారంభించి యుండిరి. వేలూరు ఆసుపత్రి పేరు విన్నవారికి ఆ కుటుంబము పేరు కొత్తది కాదు. ఆ ఆసుపత్రిని నెలకొల్పిన ఐడా స్కడ్డరు ఈ సోదరుల కుటుంబపు ఆడపడుచే.

దంపతులు 1859 డిసెంబరులో బోస్టను రేవున ఓడ యెక్కిరి. సూయజు కాలువ తెరచుటకు ఇంకను పదేండ్లు కలదు. కనుక తెరచాప ఓడలు ఆఫ్రికాఖండమును చుట్టి గుడ్‌హోపు అగ్రము మీదుగా రావలసియుండెను. ఆ కాలమున బోస్టనునుండి చెన్నపట్నమునకు మంచుగడ్డలు సహితము ఓడలలోనే దిగుమతి యగుచుండెను. మెరీనా యెదుటి ఐస్ హౌసు ఆ మంచు నిలువచేయుటకు కట్టినదే. 1897లో వివేకానందస్వామి బస చేసిన భవనమది. అమెరికా చెరువులలోని నీరు గడ్డకట్టి చెన్నపట్నపు దొరల గ్లాసులలో కరగినదని విన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును.

చిత్తూరునుండి పలమనేరు పోవలెనన్న మొగిలి కనుమ ఎక్కవలెను. పైకి చేరిన పిమ్మట గాలి మారును. పలమనేరు, మదనపల్లె రెండును సముద్రమట్టమునకు దాదాపు 2,200 అడుగుల ఎత్తున నున్న ఊళ్లు. చలిదేశపు మనిషికి ఆర్కాటు మైదానపు వేసవి కంటె ఇచ్చటి వేసవి సహ్యము. ఆనాడు మదనపల్లె కడప జిల్లాలో నుండెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది, మరల 2022 నాటి పునర్విభజనలో చిత్తూరునుండి విడిపోయినది. ఆర్కాటు మిషను పని అధికముగ తమిళసీమలో సాగుచుండగా, కనుమపైనున్న ఈ ప్రాంతము తెలుగు ప్రాంతము. చేంబర్లేను దంపతుల పాలికి తెలుగు వచ్చినది.

ఇచ్చటనే అసలు కష్టము. 1860లో తెలుగు నేర్వదలచిన పరదేశికి సాధనములు లేకపోలేదు. క్యాంబెలు దొర వ్యాకరణము 1816లో, బ్రౌను దొర వ్యాకరణము 1840లో, ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడి యుండెను. అయినను పుస్తకము దగ్గర కూర్చుండి నేర్చిన తెలుగు, సంతలో చెల్లెడి తెలుగు ఒకటి కావు. పుస్తకము ‘వచ్చుచున్నాడు’ అనును, ఊరు ‘వస్తాండాడు’ అనును. (ఈ ప్రసంగము కూడ పుస్తకపు భాషలోనే నడుచుచున్నది గనుక ఆ విషయమున నేనెవరిని ఆక్షేపింపజాలను.) లకార ళకారములు, నకార ణకారములు వారి నాలుకకు లొంగవు. అక్షరములు ఆరునెలలలో వచ్చును గాని, ఎవరిని నీవనవలెనో ఎవరిని మీరనవలెనో తెలియుటకు ఏండ్లు పట్టును. ఇంగ్లీషు భాషలో అందరికి ఒకే మాట. ఇక్కడనో, ముసలమ్మను అవ్వా యని, సమవయస్కురాలిని అక్కా యని, రెడ్డిగారిని అయ్యా యని, బండివానిని అప్పా యని పిలువవలెను. ఒక్క పిలుపు తప్పినచో చెప్పబోయిన మాట యెంత మంచిదైనను వినువాడు లేచిపోవును. పొరపాటు చేసినచో నవ్వువారే గాని దిద్దువారుండరు. దిద్దవలసిన మునిషీ దొరకు కోపము వచ్చునేమోయని ఊరకుండును.

చేంబర్లేను ఆ పరీక్షలో గట్టెక్కెననుటకు నిదర్శనమున్నది. తెలుగు బైబిలు అనువాదమును సవరించుటకు యేర్పడిన సంఘమునకు ఆయన 1873 మొదలు 1894 వరకు అధ్యక్షుడుగ నుండెను. తెలుగు మాతృభాషగాగల పండితులు ప్రక్కన కూర్చుండగా, ఒక్కొక్క మాటకు వాదించి తేల్చుకొనవలసిన పని అది. ఇరువది యేండ్లకు పైబడి అట్టి పనిని సాగించుట కేవల మతోత్సాహమువలన సాధ్యము కాదని నా యభిప్రాయము. భాషమీదనే ప్రీతి కలుగవలెను.

ఆయన వైద్యుడు గూడ. ఆ రోజులలో కలరా, మశూచికము, చలిజ్వరము ఏటేట వచ్చు చుట్టములు. ఆసుపత్రి యన్నది జిల్లా ముఖ్యపట్టణమున ఒకటి యుండిన ఉండును. అట్టి ప్రాంతమున మందిచ్చు దొర గుడారము వేసినచో, మతబోధ యందు ఆసక్తి లేనివారును రాక తప్పదు. మందు పుచ్చుకొనుట, ఉపదేశము వినుట ఒకే చోట జరుగుటను గూర్చి ఆనాడును ఆక్షేపణలుండినవి, నేడును కలవు. రోగి నిస్సహాయతను ఆధారము చేసుకొనరాదనుట న్యాయమైన మాటయే. మందు దొరకని చోట మందిచ్చిన మాటయు వాస్తవమే.

1863లో ఆయన నిజాం రాజ్యము గుండ గోదావరి పరీవాహకపు అడవులలోనికి దాదాపు 1,200 మైళ్లు ప్రయాణము చేసెను. వెంట ఈ దేశపు సహాయకులు కొందరు. ఒక నగరమున జనులు రాళ్లు చేతబట్టి చుట్టుముట్టగా, కొట్టుటకు ముందు ఒక కథ వినుడని ఆయన వేడుకొనెనట. మన జనులకు కథ యన్నచో ప్రాణమని ఆయన గ్రహించి యుండెను. వారు రాళ్లు వదలి విన్నారు. వరద పొంగిన యేటి యొడ్డున, పెద్దపులులున్న అడవిలో చిక్కుకొన్న రాత్రి కట్టు తెగిన పడవ యొకటి కొట్టుకొనివచ్చి వారిని కాపాడిన వృత్తాంతమును ఆయన 1896లో ఇంగ్లీషున ప్రకటించిన పుస్తకమున చదువవచ్చును. ఆ అడవులలో పట్టిన జ్వరము ఆయనను మరల మరల బాధించెను.

ఈ పుస్తకములను చదువునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. అవి అమెరికాలో చందాలిచ్చు పాఠకులకై వ్రాసినవి. అందుచేత పులి కొంచెము పెద్దదై, మన గ్రామము కొంచెము చీకటియై కనబడును. మన దేవాలయములను గూర్చి వారు వ్రాసిన మాటలు మనకు నొప్పి కలిగించును. అయినను ఆ కాలపు మన ఊళ్ల బాటలు, సత్రములు, సంతలు అందు కనబడుచుండుటచేత వానిని త్రోసిపుచ్చుటకు మనసొప్పదు.

మరి షార్లెట్? పులిని గూర్చి అధ్యాయమున్నది, పదియడుగుల పామును గూర్చి అధ్యాయమున్నది. భర్త అడవులలో నుండిన మాసములలో ఉత్తరము రాక, బిడ్డను ఒడినుంచుకొని, అరకొర తెలుగుతో ఇల్లు నడుపుకొన్న ఆమెను గూర్చి అట్టి అధ్యాయము లేదు. మిషను లెక్కలలో అట్టి స్త్రీలందరును భర్త పేరుతోనే పిలువబడిరి, ‘మిసెస్ చేంబర్లేను’ అంతే. బాలికల బడి, కుట్టుపని, పసిబిడ్డల మందులు, వచ్చిపోవు అతిథుల భోజనములు, ఇవి మిషను భార్యల భుజముల మీదనే నడచినవి. తన దేశమునుండి ఒక ఉత్తరమునకు జవాబు రావలెనన్న నెలలు గడచును. పుట్టింట శుభమైనను అశుభమైనను అంతా ముగిసిన తరువాతనే తెలియును. నేడు తిరుపతిలోనో చిత్తూరులోనో కూతురిని అమెరికాకు కాపురమునకు పంపిన తల్లి ప్రతి రాత్రియు ఫోనులో ముఖము చూచుకొనుచు కూడ నిద్రపట్టలేదనునప్పుడు నాకు షార్లెట్ తల్లి గుర్తుకు వచ్చును.

బిడ్డల సంగతి మరియు కఠినము. స్కడ్డరు కుటుంబమునకు మూలపురుషుడైన జాన్ స్కడ్డరు 1819లో భార్యాబిడ్డతో సింహళమునకు బయలుదేరి, మార్గమధ్యమున కలకత్తాలోనే చిన్నారి కూతురిని పోగొట్టుకొనెను. బ్రదికిన పిల్లలను చదువుకై స్వదేశమునకు పంపుట ఆచారము. పంపినచో మరల చూచుట ఏండ్లకు గాని లేదు. ఇట్లు పెరిగిన పిల్లలు తలిదండ్రుల పనిని ద్వేషించవలసినది గాని, చేంబర్లేనుల కుమారు లిరువురు పెద్దవారై అదే మిషను పనికి ఈ దేశమునకే తిరిగివచ్చిరి. స్కడ్డరు కుమారులు ఏడుగురును అట్లే వచ్చిరి.

చేంబర్లేనులు దిగిన ఆ 1860 సంవత్సరమే, అక్టోబరులో, అదే చెన్నపట్నపు రేవునుండి ‘ట్రూరో’ అను ఓడ 342 మంది కూలీలతో దక్షిణాఫ్రికాలోని నాటాలునకు బయలుదేరెను. చెరకు తోటలలో ఒడంబడిక కూలీకి మనవారు ఆ దేశమునకు పోవుట దానితో ఆరంభమైనది. తరువాతి యేండ్లలో అట్లు పోయినవారిలో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతముల తెలుగువా రనేకులు. వారిలోను క్రొత్త జంటలుండిరి. వారికి వీడ్కోలు సభ జరుగలేదు. వారి ప్రయాణమును గూర్చి ఎవ్వరును పుస్తకము వ్రాయలేదు. మిషను దంపతులు సేవ యని తలచి వచ్చిరి, వీరు ఆకలిచే పోయిరి. సముద్రము మాత్రము ఇరువురికిని ఒక్కటే.

ఆ తోటలలోని తెలుగువారి నడుమ పనిచేయుటకై నెల్లూరి తెలుగు బాప్తిస్టు సంఘము వారు 1903లో జాన్ రంగయ్య అను ఉపదేశకుని పంపిరి. తెలుగు క్రైస్తవులు తమ చందాలతో తమవానినే పరదేశమునకు పంపుట విశేషము. ఆయన కుటుంబముతో నాటాలు చేరి, కియర్స్‌నీ అను తేయాకు తోటలలో ఆ సంవత్సరమే తెలుగు సంఘమును నెలకొల్పి, 1915లో ఆ దేశమునందే మరణించెను.

మదనపల్లె పిమ్మటి చరిత్ర చాలమందికి తెలిసినదే. మిషనువారి మేరీ లాట్ లైల్సు ఆసుపత్రి, 1915లో డేనిషు వైద్యుడు ఫ్రిమోట్ మోలరు ఆధ్వర్యమున కుదురుకొన్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము, అదే యేట బిసెంటమ్మ పేర వెలసిన కళాశాల, అందు పనిచేయవచ్చిన ఐరిషు దంపతులు జేమ్సు, మార్గరెటు కజిన్సు, 1919లో వారి అతిథియై వచ్చిన రవీంద్రుడు. ఒక్కొక్కటి వేరు ప్రసంగమునకు తగిన విషయము.

చేంబర్లేను 1908 మార్చి 2వ తేదీన మదనపల్లెలో మరణించెను. అప్పటికి ఆయన తెలుగున బైబిలు నిఘంటువు నొకదానిని కూర్చుచుండెను. అది పూర్తి కాలేదు.