రంగం రేవు, వాల్తేరు మెట్ట

అంతర్జాతీయ శాంతి అన్న మాట చెవిని పడగానే పాఠకుని మనస్సు జినీవాకో, న్యూయార్కుకో పరుగిడుతుంది. విశాఖపట్టణంలో వాల్తేరు మెట్టపై నిలిచి చూచిన వానికి మాత్రం ఆ మాట మరింత చేరువగా వినిపిస్తుంది. ఎదుట ఉన్నది బంగాళాఖాతం. దాని ఆవలి గట్టున బర్మా. రంగూనును మన పల్లెలవారు ‘రంగం’ అన్నారు. పొట్ట చేత పట్టుకొని రంగం పోయినవారి కథలు ఈ తీరంలో నేటికీ ఉన్నవి.

విద్య మూలంగా జాతుల నడుమ మైత్రి అన్న భావన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కొత్తది కాదు. 1926లో స్థాపితమైన ఈ విద్యాపీఠానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో ఉపకులపతి అయ్యారు. ఐన్‌స్టీన్, మేడమ్ క్యూరీ వంటివారు పనిచేసిన నానాజాతి సమితి మేధా సహకార సంఘంలో ఆ యేడే వారికి స్థానం లభించింది. 1933 డిసెంబరులో రవీంద్రనాథ ఠాకూరు ఇచ్చట మానవుని గూర్చి ఉపన్యసించారు. అదే మాసంలో వైస్రాయి విల్లింగ్డన్ నూతన నౌకాశ్రయాన్ని లాంఛనంగా ప్రారంభించారు. తొమ్మిదేండ్లు తిరుగక మునుపే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు ఆ రేవుపై బాంబులు కురిపించాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి, యుద్ధానంతరం గాని తిరిగి రాలేదు. యుద్ధమంటే యేమిటో ఆనాటి విద్యార్థులకు వేరే పాఠం అవసరం లేకపోయింది.

1985లో ఢాకాలో దక్షిణాసియా దేశాల సహకార సంఘం, సార్కు, అవతరించిన పిమ్మట ఈ విశ్వవిద్యాలయంలో దాని అధ్యయనానికై ఒక కేంద్రం వెలిసింది. ఉచితమైన పనే. కాని 2014 నాటి ఖాట్మండు సభ తరువాత సార్కు దేశాధినేతల శిఖర సమావేశం మరల జరుగలేదు. పైగా బర్మా ఆ సంఘంలో లేనే లేదు. ప్రభుత్వాల సభల వెంట నడిచే పరిశోధన, ఆ సభలు ఆగిననాడు దిక్కు తోచక నిలిచిపోతుంది. సదస్సు, తీర్మానం, వందన సమర్పణ: ఇంతే శాంతి విద్య అయితే దానికి విశాఖే కావాలా, ఏ ఊరైనా చాలును!

విశాఖకు మాత్రమే తగిన పాఠం ఒకటి ఉన్నది. 1930 మే మాసంలో, రంగూను రేవున ఓడల సరుకు ఎత్తి దించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్నారు. బేరం కుదిరింది. తెలుగువారు తిరిగి పనిలో దిగిన నాడు, బర్మీయులకు ఇక పని లేదన్నారు. రేవులో పుట్టిన తగవు నగరమంతటా అంటుకొని, కొన్ని దినాలలో ఎందరి ప్రాణాలనో బలిగొన్నది. హతులలో అధికులు భారతీయులు. దీనిని జాతివైరమని పేర్కొని పుట తిప్పివేయడం సులభం. కాని రెండు వైపులా ఉన్నవారు పేదలే. కూలి నిర్ణయించినవాడు మూడవవాడు. మేస్త్రీ ఇచ్చిన బయానాతో, అప్పుతో ఓడ యెక్కిన కూలీ, వాని మూలాన తన ఊరి రేవులోనే పని దొరకని బర్మీయుడు: వీరి నడుమ ద్వేషం ఏ గడియలో ప్రవేశించింది? పరిశోధనకు ఇంతకంటె గంభీరమైన ప్రశ్న మరొకటి అక్కరలేదు.

1942లో వేలాది భారతీయులు అడవుల మార్గాన కాలినడకను తిరిగివచ్చారు. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చిన పిమ్మట మరికొందరు ఓడలెక్కారు. విశాఖలో కంచరపాలెం చెంత నేటికీ బర్మా క్యాంపు అన్న పేట ఉన్నది. నాడు తల్లి కొంగు పట్టుకొని దిగిన పసివారికి ఇప్పుడు డెబ్బది యేండ్లకు దరి వయస్సు. 2021లో బర్మాలో సైన్యం మరల అధికారం చేజిక్కించుకొన్న వార్త వారు ఏ మనస్సుతో విన్నారో అడుగవలసి ఉన్నది.

ఒక విద్యార్థిని అచ్చటికి పంపడానికి ఏ ప్రభుత్వపు అనుమతీ అక్కరలేదు, ఆలస్యం మాత్రం పనికిరాదు. అడుగవలసినవి చిన్న ప్రశ్నలే. రంగంలో పొరుగింటి బర్మీయులు ఎట్టివారు? గొడవల రాత్రి తలుపు తీసినవారెవరు, వేసుకొన్నవారెవరు? ఓడ కదిలేనాడు రేవుకు వచ్చి వీడ్కోలు చెప్పినవారెవరు?